కూర్పు దత్తాంశంలో సున్నాలు: భర్తీకి ముందు మూలం తెలియాలి

మట్టిలోని ఇసుక, ఒండ్రు, బంకమన్ను శాతాలు, ఆకులోని పోషకాల వాటాలు, కమతంలో వివిధ పంటల విస్తీర్ణ భాగాలు కూర్పు దత్తాంశాలకు ఉదాహరణలు. వీటి మొత్తం స్థిరం కనుక ఒక భాగం పెరిగితే మరొకటి తగ్గక తప్పదు. అందువల్ల సాధారణ సహసంబంధ గుణకాలు తప్పుదారి పట్టిస్తాయి. దీనికి పరిష్కారంగా జాన్ ఐచిసన్ 1982లో భాగాల నిష్పత్తుల సంవర్గమానాలను విశ్లేషించే విధానాన్ని వివరించారు. అయితే సున్నాకు సంవర్గమానం లేదు. సున్నా గల నమూనాలను తొలగిస్తే, బంకమన్ను అత్యల్పంగా ఉన్న ఇసుక నేలలే అధ్యయనం నుంచి జారిపోతాయి.

సున్నాల రకాలు

పరికరం గుర్తించగల కనిష్ఠ పరిమితికి లోబడిన విలువ సున్నాగా నమోదు కావచ్చు. ఇది కొలతకు అందని స్వల్ప పరిమాణం. కంది వేయని రైతు కమతంలో కంది వాటా మాత్రం నిజమైన సున్నా. నేలలోని సూక్ష్మజీవుల లెక్కింపులో కనిపించే సున్నాలు మూడవ రకం; నమూనా చిన్నదైనప్పుడు అరుదైన జాతులు లెక్కకు రాకపోవచ్చు.

భర్తీ విధానం

మొదటి రకానికి గుణకార భర్తీ అనుకూలం. ఒక నమూనాలో ఇసుక 80, ఒండ్రు 20, బంకమన్ను 0 శాతంగా నమోదైందని, గుర్తింపు పరిమితి 1 శాతమని అనుకొందాం. ఆ పరిమితిలో 65 శాతాన్ని, అనగా 0.65ను, సున్నా స్థానంలో ఉంచడం వాడుకలో ఉంది. మిగిలిన భాగాలను 0.9935తో గుణిస్తే 79.48, 19.87 వస్తాయి. మొత్తం 100గానే ఉంటుంది. ఇసుక, ఒండ్రుల నిష్పత్తి 4:1 చెదరదు.

తోచిన చిన్న సంఖ్యను వాడితే ప్రమాదం ఉంది. పై ఉదాహరణలో ఇసుక, బంకమన్ను నిష్పత్తి సహజ సంవర్గమానం 4.81. 0.65కు బదులు 0.01 ఉంచితే అది 8.99 అవుతుంది. ఆ ఒక్క నమూనాయే మొత్తం ఫలితాన్ని తనవైపు లాగగలదు.

నిజమైన సున్నాను భర్తీ చేయడమంటే వేయని పంటను వేసినట్లు చూపడమే. అక్కడ పంట వేశారా లేదా అన్నది ముందుగా, వేసినవారిలో వాటా ఎంత అన్నది తరువాత విశ్లేషించాలి. పరిశోధన ప్రశ్న అనుమతిస్తే కంది, మినుము, పెసరలను పప్పుధాన్యాలుగా కలపవచ్చు. లెక్కింపు సున్నాలకు బేసియన్ గుణకార భర్తీ తగినది.

ఎన్ని సున్నాలు ఉన్నాయి, అవి ఏ రకానివి, ఏ విలువతో భర్తీ అయ్యాయి అన్న వివరాలను నివేదికలో పేర్కొనాలి. భర్తీ విలువను మార్చి విశ్లేషణను మరల జరపాలి. దానితోపాటు నిర్ధారణ కూడా మారితే, ఆ నిర్ధారణ ఆధారంగా రైతులకు సిఫారసు చేయడం తగదు.