మన ఊరు ఎక్కడ నున్నది?

మామిడిపండ్లు కొనవచ్చిన దూరప్రాంతపు వర్తకుడు "మీ ఊరెక్కడ?" అని అడిగినచో, రెడ్డిగూడెం బాలుడు "నూజివీడు దగ్గర" అని బదులు చెప్పును. నూజివీటి రసముల రుచి యెరిగినవానికి ఆ మాట చాలును. ఎరుగనివానికి జిల్లా పేరు చెప్పవలెను. కాని అందును చిక్కు కలదు. నూజివీడు, రెడ్డిగూడెం బహుకాలము కృష్ణాజిల్లాలోనే యుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలోను, రెడ్డిగూడెం ఎన్.టి.ఆర్. జిల్లాలోను చేరినవి. తోటలో ఒక్క చెట్టయినను కదలలేదు. చిరునామా మాత్రము మారినది. మరి, మారని చిరునామా కలదా? కలదు. దానిని తెలిసికొనుటయే భూగోళశాస్త్రమునకు తొలిమెట్టు.

మొదట దిక్కులు తెలియవలెను. సూర్యుడుదయించు దిక్కు తూర్పని చిన్ననాడే నేర్చితిమి. అయినను సూర్యుడు సరిగా తూర్పున ఉదయించునది మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతముననే. తక్కిన దినములందు కొంత ఉత్తరమునకో, దక్షిణమునకో తొలగియుండును. అందువలన మన పూర్వులు శంకువును ఉపయోగించిరి. సూర్యసిద్ధాంతము వంటి గ్రంథములలో ఈ పద్ధతి కలదు. చదునైన నేలపై నిట్టనిలువుగా ఒక కర్ర నాటి, దాని చుట్టును త్రాటితో వృత్తము గీయవలెను. ఉదయమున పొడవుగా నున్న నీడ క్రమముగా కురుచయై వృత్తములోనికి వచ్చును. మధ్యాహ్నము దాటిన పిదప పెరిగి వెలుపలికి పోవును. నీడకొన వృత్తమును తాకిన ఆ రెండు చోట్లను కలుపు గీత పడమటి నుండి తూర్పునకు పోవును. దానికి లంబముగా గీచినది ఉత్తరదక్షిణ రేఖ. దిక్సూచి యున్నచో పని సులభమే. కాని దాని ముల్లు చూపునది అయస్కాంతపు ఉత్తరము. నిజమైన ఉత్తరమునకును దానికిని కొంచెము భేదముండును.

ఆ కర్రయే మరియొక సంగతి తెలుపును. రెడ్డిగూడెంలో సంవత్సరమున ఎక్కువ దినములు మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకే పడును. మే 8వ తేదీ ప్రాంతమున అది కర్ర మొదటనే అణగిపోవును. పిమ్మట దక్షిణమునకు తిరుగును. ఆగస్టు 5వ తేదీ ప్రాంతమున మరల మాయమై, తిరిగి ఉత్తరమునకు వచ్చును. ఏలయన, ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16.9 డిగ్రీల అక్షాంశముపై నున్నది. ఆ రెండు దినములందును మధ్యాహ్నమున సూర్యుడు మన నడినెత్తిన నిలుచును.

అక్షాంశ మొక్కటియే చాలదు. ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోవు రేఖ నుండి తూర్పునకు లెక్కించినచో మన రేఖాంశము సుమారు 80.7 డిగ్రీలు. భారతదేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల రేఖను బట్టి యేర్పడినది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున, ఆ రేఖపై కంటె మనకు సుమారు ఏడు నిమిషములు ఆలస్యముగా మధ్యాహ్నమగును. ఈ రెండంకెలే మన ఊరి మారని చిరునామా.

ఇక పటము. నేలనంతటిని కాగితముపై నిముడ్చునది మానము. 1767లో ఏర్పడిన భారత సర్వేక్షణశాఖ ప్రకటించు పటములలో 1:50,000 మానము కలవి ముఖ్యమైనవి. వానిపై రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరు.

ఈ జ్ఞానము పరీక్షల కొరకే యని తలపరాదు. 2010 మే 20వ తేదీన 'లైలా' తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. మే నెల మామిడి చెట్లపై కాయ యుండు కాలము. తుపాను కేంద్రము ఎచ్చట నున్నదో వాతావరణశాఖ అక్షాంశ రేఖాంశములతోనే తెలుపును. బాపట్ల అక్షాంశము సుమారు 15.9 డిగ్రీలు, మనకు ఒక డిగ్రీ దక్షిణము. అక్షాంశమున ఒక డిగ్రీ యనగా నేలపై సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశములలో భేదము స్వల్పము. కావున తుపాను తీరము దాటిన చోటు మనకు నూరు కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున నున్నట్లు తేలినది. వార్త వచ్చినపుడెల్ల పటముపై చుక్క పెట్టుచు పోయినచో, గాలివాన దరికి వచ్చుచున్నదో తొలగిపోవుచున్నదో ఎనిమిదవ తరగతి విద్యార్థియు కనుగొనగలడు. ముదిరిన కాయను ముందుగా కోయవలెనా యని ఆలోచించు తండ్రికి అది ఎంతయో ఆసరా.

విద్యార్థులారా! రేపు మీ బడి ఆవరణమున ఒక కర్ర నాటి దాని నీడను గమనింపుడు. మీ ఊరు ఎక్కడ నున్నదో అది చెప్పును.