బూటు అడుగున దాగిన వాయువు

1977లో ఫ్రాంక్ రూడీ అనే ఇంజనీరు అమెరికాలో నైకీ కంపెనీ తలుపు తట్టాడు. విమానాలు, రాకెట్ల పరిశ్రమలో పనిచేసి వచ్చిన మనిషి. ప్లాస్టిక్ తిత్తిలో వాయువు నింపి బూటు సోల్‌లో ఇమిడిస్తే, పరుగెత్తేవాళ్ల కాళ్లకు అదురు తగ్గుతుందన్నది ఆయన వాదం. అధినేత ఫిల్ నైట్‌కు మొదట నమ్మకం కుదరలేదు. ఆ బూట్లు తొడుక్కుని పరుగుకు వెళ్లొచ్చాక కుదిరింది. మరుసటి ఏడాదికల్లా టెయిల్‌విండ్ పేరుతో తొలి జతలు వచ్చాయి. 1987లో టింకర్ హాట్‌ఫీల్డ్ గీసిన ఎయిర్ మ్యాక్స్‌లో మడమ దగ్గర కిటికీ పెట్టారు. తిత్తి అందరి కళ్లా పడింది, అందులో ఏముందో మాత్రం కొన్నవాళ్లెవరికీ పట్టలేదు.

అందులో ఉన్నది మామూలు గాలి కాదు. పుట్టినరోజుకు కట్టిన బెలూన్ మర్నాటికి మెత్తబడుతుంది కదా, పలచని ప్లాస్టిక్ తిత్తి సంగతీ అంతే. చిల్లు పడనక్కర్లేదు. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు చిన్నవి కనుక ప్లాస్టిక్ సందుల్లోంచి మెల్లగా జారుకుంటాయి. అందుకే పెద్ద అణువుల వాయువుల వైపు వెళ్లారు. వాటిలో ముఖ్యమైంది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్: ఒక గంధకం పరమాణువు, దాని చుట్టూ ఆరు ఫ్లోరిన్లు. కరెంటు సబ్‌స్టేషన్ల సర్క్యూట్ బ్రేకర్లలో నింపేది దీన్నే. రంగు లేదు, వాసన లేదు, విషం కాదు, దేనితోనూ అంత తేలిగ్గా కలవదు.

ఇక్కడో తమాషా ఉంది. లోపలి వాయువు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది గానీ, బయటి గాలి లోపలికి పోవడానికి పెద్ద అడ్డేమీ లేదు. తిత్తిలో మొత్తం పీడనం ఎక్కువే. అయినా నైట్రోజన్‌కు కావలసింది లోపల నైట్రోజన్ ఎంత ఉందన్న లెక్క ఒక్కటే. లోపల అది లేదు కాబట్టి లోపలికే నడుస్తుంది. దాంతో కొత్త తిత్తి నెలలు గడిచేకొద్దీ మెత్తబడకపోగా మరికాస్త బిగిసేది! రూడీ పేటెంట్లలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే.

అయితే బూటుకు పనికొచ్చిన ఆ మొండితనమే వాతావరణానికి చేటు తెచ్చింది. బూటు పాతబడి చిరిగాక వాయువు పైకి పోతుంది, పోయాక ఓ పట్టాన నశించదు. భూమి వదిలే వేడిని బాగా పట్టేస్తుంది కూడా. వందేళ్ల లెక్కన చూస్తే కిలోకు కిలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 23,500 రెట్లు ఎక్కువ. ఒక జతలో 100 మిల్లీలీటర్ల వాయువు ఉందనుకుందాం. మామూలు పీడనం దగ్గర దాని బరువు 0.6 గ్రాములు. ఆ చిటికెడంత వాయువు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

1992 ప్రాంతంలో జర్మనీలో దీనిమీద విమర్శ మొదలైంది. నైకీ వాడకం 1997లో పతాక స్థాయికి చేరింది: ఆ ఏటి వాయువు 70 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు దగ్గరగా లెక్క తేలింది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ పేరు క్యోటో ఒప్పందం జాబితాకెక్కిందీ ఆ ఏడాదే. మానేస్తామని కంపెనీ మాట ఇచ్చింది, పెట్టుకున్న గడువు దాటిపోయింది. దీన్ని ఉత్త నాటకమని కొట్టిపారేయలేం. వాయువును మార్చాలంటే తిత్తిని మార్చాలి, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నైట్రోజన్‌ను ఆపగల ప్లాస్టిక్ లేకపోలేదు. ఆహారం ప్యాకింగ్‌లో ఆక్సిజన్ చొరబడకుండా వాడే ఇథిలిన్ వినైల్ ఆల్కహాల్ ఉంది. కానీ అది పెళుసు. ప్యాకెట్‌ను ఒకసారి మడిచి వదిలేస్తాం, బూటు సోల్ అడుగడుగుకూ వంగుతుంది. మందంగా వేస్తే పగుళ్లు, పలచగా వేస్తే కారడం. చివరికి కుదిరిన ఉపాయం ఏమిటంటే, దాన్ని అతి పలచని పొరలుగా చేసి, సాగే పాలియూరిథేన్ పొరల మధ్య ఒకటి విడిచి ఒకటి పేర్చడం. విడిగా పలచన కాబట్టి విరగకుండా వంగుతాయి, కలిసి దారి మూసేస్తాయి. అలా 65 పొరల దాకా వెళ్లారు. ఆ ఫిల్మును వేడిచేసి అచ్చులో ఒత్తితే మడమ ఒక్కటే ఏమిటి, పాదం పొడవునా తిత్తి వచ్చింది. 2006 జనవరిలో వచ్చిన ఎయిర్ మ్యాక్స్ 360 అదే, లోపల నైట్రోజన్. ఫ్లోరిన్ వాయువులున్న పాదరక్షల అమ్మకంపై ఐరోపా సమాఖ్య నిషేధం అమల్లోకి వచ్చింది ఆ ఏడు జులై 4న. విమర్శ మొదలై అప్పటికి పద్నాలుగేళ్లు.

వాయువు ఒక్కటే దోషి కాబట్టి ఇంజనీర్లు ఒక్కదాని మీదే పడ్డారు. మిగతా బూటు అలా లొంగదు. ఎంఐటీ పరిశోధకులు 2013లో ఒక మామూలు సింథటిక్ రన్నింగ్ షూ జతను పుట్టుక నుంచి పారేసేదాకా లెక్కగట్టారు. తేలింది 14 కిలోల కార్బన్ డయాక్సైడ్. మనం పైన వేసుకున్న ఊహ లెక్కా అంతే, అంటే ఆ వాయువు ఒక్కటే మరో జత బూట్ల భారం మోసిందన్నమాట. ఆ 14 కిలోల్లో మూడింట రెండొంతులు ముడిసరుకుది కాదు, తయారీది: 65 విడిభాగాలు, 360కి పైగా పనులు. చిన్న చిన్న ముక్కలు కోయడం, కుట్టడం, అచ్చు పోయడం, నురుగు పొంగించడం, అన్నిటికీ కరెంటో వేడో కావాలి. అది చాలా చోట్ల బొగ్గు నుంచే వస్తుంది. పాత సీసాల ప్లాస్టిక్‌తో పైగుడ్డ నేశామని ప్రకటన వేయడం తేలిక. 65 భాగాలను 30కి దించడం, ఫ్యాక్టరీ బాయిలర్ మార్చడం ప్రకటనలో కనిపించే పనులు కావు.