గృహనిర్మాణం: పునాదికి ముందే తేలవలసిన లెక్కలు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలోని బరువు పరాయి నగరంలో ఇల్లు కట్టుకునేవారికి మరింత బాగా తెలుస్తుంది. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం స్వగ్రామంలో పొలం అమ్మగా వచ్చిన సొమ్ముకు బ్యాంకు రుణం జోడించి, 30×40 అడుగుల స్థలంలో ఇల్లు మొదలుపెడతాయి. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె తప్పదు. విడుదలైన రుణంపై వడ్డీ ఆగదు. ఉదాహరణకు, 25 లక్షల రూపాయలు విడుదలయ్యాయనీ, వడ్డీ ఏటా 9 శాతమనీ, అద్దె నెలకు 15,000 రూపాయలనీ అనుకుందాం. పని ఒక నెల వెనుకబడితే 33,750 రూపాయలు ఖర్చవుతాయి. ఆ సొమ్ముతో గోడపై ఒక్క ఇటుక కూడా లేవదు.

వ్యయం పెరగడానికి సిమెంటు, ఇనుము ధరలే కారణమని సాధారణంగా భావిస్తారు. ధరలు యజమాని చేతిలో లేవు. ఆయన చేతిలో ఉన్నవి నిర్ణయాలు. అవి ఆలస్యమైనప్పుడే ఖర్చు అదుపు తప్పుతుంది. స్నానాల గది ఎక్కడ ఉండాలి, కిటికీ ఎంత వెడల్పు, ఫ్యాన్లు ఎక్కడ, స్విచ్ బోర్డులు ఎక్కడ అనే విషయాలు కాగితం మీద ఉన్నప్పుడు రబ్బరుతో చెరిపి మార్చుకోవచ్చు. శ్లాబు పోసిన తర్వాత అదే మార్పుకు పగలగొట్టే కూలి, శిథిలాలు తరలించే బండి, మళ్లీ కట్టే సామగ్రి కావాలి. విద్యుత్ పైపులు, ఫ్యాన్ల కొక్కేలు కాంక్రీటు పోయకముందే శ్లాబులో అమర్చాలి గనుక, వాటి స్థానాలు అంతకు ముందే నిశ్చయం కావాలి. మంజూరైన ప్లానుకు విరుద్ధమైన మార్పులైతే నివాసయోగ్యతా పత్రం పొందడంలోనూ చిక్కులు వస్తాయి.

రెండవది ఒప్పందం. మేస్త్రీ స్వంత జిల్లావాడో, దూరపు బంధువో అయినప్పుడు ‘మనవాడే కదా’ అని నోటిమాటతో పని అప్పగించడం పరిపాటి. తర్వాత వచ్చే తగాదాలు చాలావరకు ‘చదరపు అడుగుకు ఇంత’ అన్న ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. ఆ ధరలో సంపు, ప్రహరీగోడ, మిద్దెపై నీళ్ల ట్యాంకు, మెట్ల కటకటాలు చేరాయా, లేదా? కొలత ఏ వైశాల్యానికి? సిమెంటు, కమ్మీలు ఏ రకం? వీటిని రాసి ఇద్దరూ సంతకాలు చేయడం అపనమ్మకం కాదు. డబ్బుతో పాటు బంధుత్వమూ నిలవడానికి అదే మార్గం. మధ్యలో కోరిన ప్రతి మార్పునూ, దాని ధరనూ, అందుకు పట్టే రోజులనూ పని మొదలుకాకముందే రాసుకోవాలి.

డబ్బు పని వెనుక నడవాలి గాని ముందు నడవరాదు. పునాది, ప్లింత్, లింటెల్, శ్లాబు, పూత వంటి దశలుగా చెల్లింపులను విభజించి, ఒక దశను ఇంజనీరు పరిశీలించిన తర్వాతే దాని సొమ్ము ఇవ్వాలి. బ్యాంకులు కూడా రుణాన్ని దశలవారీగానే విడుదల చేస్తాయి. రెండు పట్టికలూ సరిపోలితే చేతిలో సొమ్ము లేక పని ఆగే అవస్థ తప్పుతుంది. మొత్తంలో ఐదు శాతాన్ని ఇల్లు అప్పగించిన తర్వాత ఒక వానాకాలం గడిచేదాకా నిలిపి ఉంచడం మంచిది. ఈ షరతు కూడా ఒప్పందంలో ఉండాలి. వీటికి తోడు అంచనాలో పదోవంతు అనుకోని ఖర్చులకు ప్రత్యేకించాలి. ప్లాను రుసుములు, తాత్కాలిక విద్యుత్ కనెక్షన్, వాననీటి సేకరణ ఏర్పాటు అంచనాలో తరచుగా మరచిపోయే పద్దులు. బెంగళూరులో 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలంలో కట్టే కొత్త ఇంటికి వాననీటి సేకరణ తప్పనిసరి.

ఇక కాలం. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు అధికం. పునాది గుంతలు ఆ నెలల్లో తెరిచి ఉంటే నీరు తోడడానికే రోజులు గడుస్తాయి. ఉగాదికి, దసరాకు, ఊరి జాతరలకు కూలీలు స్వస్థలాలకు వెళ్తారు. ఆ రోజులను ముందే పట్టికలో వదిలిపెట్టాలి.

అయితే తగ్గించకూడని వ్యవధులూ ఉన్నాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుదైతే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. సాధారణ సిమెంటు శ్లాబు అడ్డం 4.5 మీటర్ల లోపు ఉంటే కింది ఆధారాలను కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు తీయరాదు. ఇతర సిమెంట్లకు ఈ గడువును ఇంజనీరు నిర్ణయించాలి. గృహప్రవేశ ముహూర్తాన్ని ముందే పెట్టుకుని, దానికోసం ఈ రోజులను కోసివేసిన ఇంటికి పగుళ్లు, కారుడు, మరమ్మతు ఖర్చు వెంట వస్తాయి. శ్లాబు ఆరి, పూత ముగిసి, నీరు, విద్యుత్తు సిద్ధమయ్యే తేదీ తేలిన తర్వాతే పంచాంగం తెరవడం ఇంటికీ, ఇంటిల్లిపాదికీ క్షేమం.