శుక్రవారం ఎవరిది? ఒమన్ కంపెనీల్లో పండగలు, ఆటలు, ఇఫ్తార్లు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి తెలుసు, మాటంతా మస్కట్ చుట్టూనే తిరిగింది. పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది. కాకపోతే కబుర్ల మధ్య అసలు విషయం చెదిరిపోయింది, అందుకే దాన్ని ఇక్కడ ఒకచోటికి తెస్తున్నాను.

కంపెనీ ఈవెంట్లు పెడితే ఉద్యోగులకి నిజంగా ఏమైనా ఒరుగుతుందా? ఇదీ ప్రశ్న. మన అతిథి జగిత్యాల వైపు మనిషి, పదకొండేళ్లుగా అక్కడ ఎలక్ట్రీషియన్. పేరు వద్దన్నాడు. వాళ్ల కంపెనీ యాన్యువల్ డే గురించి అడిగితే ఇలా చెప్పాడు: "మేం బస్సు దిగేసరికే కుర్చీలు నిండినయ్ అన్నా. స్టేజీ మీద ఎవరు మాట్లాడుతున్నరో కనవడలే. క్యాంపుకు వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. పొద్దున నాలుగింటికి మళ్ల లేవాలె."

విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఒకప్పుడు హెచ్ఆర్‌లో ఉండగా అచ్చం అలాంటి సాయంత్రాన్నే నేనూ ఏర్పాటు చేశాను. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. బస్సులు ఎన్ని గంటలకి తిరిగి బయల్దేరాయో నేను కనుక్కోలేదు.

ఒమన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. 2023లో వచ్చిన కార్మిక చట్టం (రాయల్ డిక్రీ 53/2023) వారానికి రెండు రోజుల వరస విశ్రాంతి ఇవ్వాలంటుంది. సైటు మీద ఉండేవాళ్లకి మాత్రం చాలాచోట్ల శుక్రవారం ఒక్కటే మిగులుతుంది. ఆ రోజే బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా పప్పో పచ్చడో చేసుకోవాలి, ఇంటికి వీడియో కాల్ చేయాలి, నిద్రపోవాలి. ఆ రోజున "అందరూ తప్పక రావాలి" అని నోటీసు పెట్టారంటే, మీరిచ్చే బిర్యానీ ఖర్చు ఆయన సెలవు రోజులోంచి కోసినట్టే. డ్యూటీ టైములో పెట్టండి, లేదా రావడం వాళ్ల ఇష్టానికి వదలండి. మొదట తేల్చుకోవాల్సింది ఇదే. డెకరేషన్ సంగతి తర్వాత.

మరి బాగా నడిచేవి లేవా అంటే ఉన్నాయి. నాకు తెలిసి ఒమన్‌లో అన్నిటికంటే గట్టిగా నిలబడిన కంపెనీ కార్యక్రమం క్రికెట్. అక్కడి లీగుల్లో ఎన్నో ఏళ్లుగా ఆడేవి ఎక్కువగా కంపెనీ టీములే. దీని వెనక ఉన్న పెద్దమనిషి వ్యాపారవేత్త కనక్‌సీ ఖిమ్జీ, 2021లో పోయారు. పచ్చగడ్డి లేని గరుకు నేలల మీద, సిమెంటు పిచ్‌ల మీద మొదలైన ఆట అది. ఆటగాళ్లు చాలామంది పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చినవాళ్లే. ఆ జట్టే 2016 మార్చిలో ధర్మశాలలో టీ20 ప్రపంచ కప్‌లో ఐర్లాండ్‌ని ఓడించింది. 2021 అక్టోబర్‌లో అదే కప్ మొదటి మ్యాచ్ మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో జరిగితే, పపువా న్యూ గినీ మీద పది వికెట్లతో గెలిచింది. ఆ జట్టులో మన హైదరాబాద్‌లో పుట్టిన సందీప్ గౌడ్ కూడా ఉన్నాడు.

ప్రపంచ కప్ దాకా ప్రతి కంపెనీ వెళ్లక్కర్లేదు లెండి. ఇందులో చూడాల్సింది వేరే. ఇది ఏడాదికోసారి వచ్చి పోయే తంతు కాదు, సీజనంతా వారం వారం నడుస్తుంది. గ్రౌండులో గ్రేడులుండవు. స్టోర్ కీపర్ కెప్టెన్ అయితే ఫైనాన్స్ మేనేజర్ ఆయన చెప్పిన చోట ఫీల్డింగ్ చేయాల్సిందే. సోమవారం ఏదైనా బిల్లు ఆగితే ఆ స్టోర్ కీపర్ నేరుగా ఫోన్ చేయగలడు, ఎందుకంటే పరిచయం ఉంది. చిక్కు ఎక్కడంటే, మ్యాచ్ రోజున ఫోర్‌మన్ మనిషిని వదలాలి. రోస్టర్‌లో ముందే రాయకపోతే చివరికి టీములో మిగిలేది ఆఫీసువాళ్లే. ఆడవాళ్లకీ, ఆట రానివాళ్లకీ ఇందులో చోటు లేదన్న మాట కూడా నిజమే. క్రికెట్ ఒక్కటి పెట్టి "మా కల్చర్ బాగుంది" అనుకోకూడదు.

నాకు ఎక్కువ ఇష్టమైంది మాత్రం ఇఫ్తార్. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులకి పని రోజుకి ఆరు గంటలే. సూర్యాస్తమయం అజాన్ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి ఉపన్యాసం సాగదీసే వీలే లేదు. ఖర్జూరం, నీళ్లు, లబన్ అందరి చేతికీ ఒకేసారి వస్తాయి. నేల మీద పరిచిన సుఫ్రా చుట్టూ కూర్చుంటే వరసలో ముందు వెనక అనేది ఉండదు. మన అతిథి హిందువు, అయినా ఏటా వెళ్తాడు. "అక్కడ పెద్దసారు నా పక్కకే కూసున్నడు, నాకు ఖర్జూరాలు అందించిండు" అన్నాడు. పదకొండేళ్లలో ఆయన తనంతట తానుగా గుర్తు చేసుకున్న కంపెనీ సందర్భం అదొక్కటే.

ఉగాదికి పెద్ద హాలేమీ అక్కర్లేదు. టీ బ్రేకులో పావుగంట చాలు. మస్కట్ వీధుల్లో వేపచెట్లకి కొదవ లేదు, పువ్వు మార్చిలో దొరుకుతుంది. మామిడికాయ, కొత్త బెల్లం రువీ కొట్లలో దొరుకుతాయి. పచ్చడి చేయడం మాత్రం తెలుగువాళ్లనే చేయనివ్వండి, ఆ గంట డ్యూటీ కింద రాయండి. పక్క డెస్క్ ఒమానీ సహోద్యోగికి ఇది ఎందుకు చేదుగా ఉందో చెప్పాల్సి వస్తుంది కదా, ఆ పని కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగించండి.

కాలం కూడా చూసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించడమే నిషేధం, ఇక ఆటల పోటీలేంటి! నవంబర్ హాయిగా ఉంటుంది. జాతీయ దినోత్సవం కూడా అప్పుడే, 2025 నుంచి నవంబర్ 20న.

అయిపోయాక "ఈవెంట్ ఎలా ఉంది, ఐదుకి ఎన్ని మార్కులు" అని ఫారం పంపుతారు. అందులో అందరూ నాలుగే వేస్తారు, నేనూ వేశాను. మన అతిథిని ఎపిసోడ్ చివర్లో అడిగాను, వచ్చే యాన్యువల్ డేకి ఏం మార్చమంటావన్నా అని. ఆయన ఎక్కువ ఆలోచించలేదు. "తెల్లారి డ్యూటీ రెండు గంటలు ఆలస్యంగ పెట్టమను. పాటలు మేమే వాడుకుంటం."