పాడుతూ నటించే చదువుకు సీటెక్కడ?

"పిన్నీ! పాడుతూ నటించడం ఏ కాలేజీలో నేర్పుతారు?"

చాదర్‌ఘాట్‌లో మా ఇంట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నదాన్నల్లా చెయ్యి ఆపేశాను. అడిగింది మా అక్క కూతురు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తాతగారి దగ్గర పద్యాలు నేర్చుకుంది. హార్మోనియం శ్రుతి వినిపిస్తే చాలు, రాగం ఎత్తుకుంటుంది. బావగారేమో ఎం.బి.ఎ. అంటున్నారు. ఎటూ చెప్పలేక అక్క దాన్ని నా మీదకు తోలింది. కథలు రాసేదానికి ఇలాంటివన్నీ తెలుస్తాయని కాబోలు!

సరే, ఇద్దరం కూర్చుని ఆరా తీశాం.

అమెరికాలోనైతే మ్యూజికల్ థియేటర్ అని డిగ్రీయే ఉంది. పాట, నాట్యం, నటన కలిపి నేర్పుతారు. కార్నెగీ మెలన్, మిచిగాన్ లాంటి చోట్ల ముందు వీడియో పంపాలి. అది నచ్చితేనే ఆడిషన్. సీట్లేమో గుప్పెడు. అది మన పర్సుకు అందేది కాదులెండి.

ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. 1959లో పెట్టారు. మూడేళ్ళ కోర్సు. డిగ్రీ ఉండాలి, నాటకాలు వేసిన అనుభవమూ ఉండాలి. ముందొక ఆడిషన్, నెగ్గితే ఢిల్లీలో కొన్నాళ్ళ వర్క్‌షాపు. దేశం మొత్తానికి 32 సీట్లు. ఆ అంకె చూడగానే పిల్ల ముఖం చిన్నబోయింది.

మన ఊళ్ళో సెంట్రల్ యూనివర్సిటీ వారి సరోజినీ నాయుడు స్కూలుంది. చిన్నప్పుడు అమ్మతో ఆబిడ్స్ వెళ్ళినప్పుడు ఆ గోల్డెన్ థ్రెషోల్డ్ గేటు ముందు నేను ఆగిపోయేదాన్ని. సరోజినీదేవి ఇల్లది. అప్పట్లో ఈ నాటకాల చదువు అక్కడే. ఇప్పుడది గచ్చిబౌలిలో ఉంది. డిగ్రీ అయ్యాక రెండేళ్ళ కోర్సు. ఎంట్రన్స్ రాయాలి, నటించీ చూపించాలి. 1985లో పుట్టిన మన తెలుగు యూనివర్సిటీకి 2025లో సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. అక్కడ రంగస్థల కళలతోపాటు పద్యనాటకానికీ విడిగా కోర్సు నడుపుతూ వచ్చారు. ఉత్త సంగీతమే కావాలంటే రామ్‌కోటి త్యాగరాజ కళాశాల దగ్గరే.

చిక్కల్లా ఇక్కడే. ఒకచోట గొంతు చూస్తారు, ఒకచోట నటన చూస్తారు. చంద్రమతిగా కాటిలో నిలబడి ఏడుస్తూనే శ్రుతి తప్పకుండా పాడాలంటే రెండూ ఒకే మనిషిలో ఉండాలి కదా!

ఆ రెండూ కలిపి నేర్పింది సురభి వాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కాలం నుంచీ వాళ్ళకు ఇల్లే కాలేజీ. మగవాళ్ళే ఆడవేషాలు వేసే రోజుల్లో వాళ్ళ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. పసిపిల్లలు బాలకృష్ణుడిగా వచ్చి అక్కడే పెరిగారు. అన్నిటికంటే కష్టమైన అడ్మిషన్ అదే, ఆ ఇంట పుట్టాలి! ఢిల్లీ స్కూలుకు డైరెక్టరుగా చేసిన బి.వి. కారంత్ గారే 1990ల్లో వాళ్ళ దగ్గరికొచ్చి నాటకాలు చేయించారు.

"చదివాక ఉద్యోగమేమిటి?" అన్నారు బావగారు ఆదివారం మలక్‌పేటలో. బడుల్లో నాటకం నేర్పొచ్చు, టీవీ ఉంది, డబ్బింగ్ ఉంది అన్నాను. జీతం ఇంతొస్తుందని మాత్రం చెప్పలేకపోయాను. అబద్ధం చెప్పడమెందుకు? నా వయసప్పుడు నేను నింపిన ఇలాంటి అప్లికేషనే ఒకటి మా నాన్నగారి బీరువాలో ఉండిపోయింది. ఆ సంగతీ ఎత్తలేదు.

"ఏదీ, ఒక పద్యం పాడవే" అన్నాను. అది పాడింది. ఆయన పేపరు చదువుతున్నట్టే కూర్చున్నారు, పేజీ మాత్రం తిప్పలేదు.

చాలాసేపటికి, "గచ్చిబౌలికి ఇక్కణ్ణుంచి ఎన్ని బస్సులు మారాలి?" అన్నారు.