పులియు చెరకు రసములో ఆల్కహాలు: మేలెంత, కీడెంత

గానుగ సాగు దినములలో ఆమదాలవలస ప్రాంతపు రైతులకు తరచుగా కలుగు నష్టమొకటి కలదు. నరికిన చెరకు బండ్లమీద నిలిచిపోయినను, పిండిన రసము పెనము చేరుట ఆలస్యమైనను, ఆ రసము పులిసి బెల్లము గట్టిపడదు. ఇచ్చటి సహకార చక్కెర కర్మాగారము మూతపడి ఏండ్లు గడచినవి గనుక, రైతు తన రసమును తానే కాపాడుకొనవలసియున్నది. పులియు రసములో కొంత ఆల్కహాలు కలిపినచో రాబడి హెచ్చునని వింటిమి, నిజమేనా యని సభ్యులు కొందరు మమ్మడిగిరి. ఇందు కొంత నిజమును, కొంత ప్రమాదమును గలవు.

రసమును మొదట పులియజేయునది ఈస్టు అను సూక్ష్మజీవి. అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. తాను చేసిన ఆల్కహాలే హెచ్చినకొలది దానికి విషమగును. సామాన్యముగా నూటికి 12 మొదలు 15 పాళ్లకు వచ్చుసరికి దాని పని నిలిచిపోవును. కావున ఈ దశలో బయటినుండి ఆల్కహాలు పోయుట అలసిన యెద్దుపై మరల బరువు వేయుటయే.

రెండవ దశలో వేరొక జాతి సూక్ష్మజీవులు గాలి సాయమున ఆ ఆల్కహాలును వెనిగరుగా మార్చును. వీనికి ఆల్కహాలే ఆహారము. నూటికి అయిదారు పాళ్లున్న చక్కగా పనిచేయును. మిక్కిలి హెచ్చిన సోలిపోవును. పూర్తిగా అయిపోయినను కీడే. ఆహారము లేక అవి తాము చేసిన పులుపునే తినివేయును, వెనిగరు చప్పబడును. కనుక కొంచెము ఆల్కహాలు మిగిలియుండగనే వడగట్టి, మరగనీయక వేడిచేసి, మూతి బిగించి దాచవలెను.

సభ్యులు విన్న మాటకు మూలము మరియొకటి. ఆస్పర్జిల్లస్ నైగర్ అను నల్లబూజు చక్కెరనుండి నిమ్మ ఉప్పును చేయునని 1917లో అమెరికాలో కర్రీ అను శాస్త్రజ్ఞుడు విశదపరచెను. 1953లో మోయర్ అను నాతడు, శుద్ధిచేయని చక్కెర పదార్థములలో కొలది పాళ్లు మిథనాలు కలిపిన ఈ బూజు నిమ్మ ఉప్పును హెచ్చుగా నిచ్చునని ప్రకటించెను. మొలాసిస్ వంటి మడ్డిలో ఇనుము, మాంగనీసు మున్నగు లోహములు మిగిలి బూజు పనిని చెరచును. మిథనాలు ఆ కీడును తగ్గించును. శుద్ధమైన చక్కెరతో లాభము స్వల్పము. ఇది కర్మాగారములో, శుద్ధిచేయు యంత్రములనడుమ జరుగు పని.

రైతు సోదరులారా, మిథనాలును ఇంట చేయు వెనిగరులో గాని, కల్లులో గాని చుక్కయైనను కలుపరాదు. అది శరీరములో ఫార్మిక్ ఆమ్లముగా మారి చూపును, ప్రాణమును హరించును. వాసనచేత గాని రుచిచేత గాని దానిని గుర్తింపజాలము.

మరి చేయదగినదేమి? బూజు పట్టిన రసమును, తీగసాగు రసమును పారబోయుడు. మంచి రసమును మట్టికుండలోనో గాజు జాడీలోనో పులియనిచ్చి, పొంగు అణగిన పిదప పాలకు తోడు వేసినట్లు, వేడిచేయని పాత వెనిగరును నాలుగింట నొకవంతు చేర్చి, పలుచని గుడ్డ కట్టుడు. ఇనుప, రాగి, ఇత్తడి పాత్రలు తగవు. అమ్ముటకైనచో ఎసిటిక్ ఆమ్లము నూటికి 3.75 పాళ్లకు తగ్గకుండ పరీక్ష చేయింపవలెను. పని మొదలిడకమునుపే ఎక్సైజు కార్యాలయమువారిని, ఆహార భద్రతాధికారులను విచారించుట మేలు.

చెడిన రసము మరుసటి పంటతో మరల వచ్చును. పోయిన చూపు మరల రాదు.