ఆపత్కాలమున రక్షణవస్త్రములు: ఇంటి కుట్టును, కర్మాగారపు పనియును

వ్యాధి వచ్చినపుడు వైద్యుని పిలుచుట యెంత ముఖ్యమో, ఆ వైద్యుడును పరిచారికయు రోగముపాలు గాకుండ కాపాడుటయు నంత ముఖ్యము. ఈ సంగతి 2020వ సంవత్సరమున లోకమున కంతకును తెలిసివచ్చినది. ఆ యేడు మార్చి 11వ తేదీన కరోనా వ్యాధిని మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొనెను. నాటికి ఆస్పత్రులవారు ధరించు నిలువెత్తు రక్షణ తొడుగులు మన దేశమున తగినన్ని లేవు. వానిని తయారుచేయు కర్మాగారములును దాదాపు లేవు. ఐనను రెండు నెలలు తిరుగునప్పటికి దినమునకు నాలుగు లక్షలకు పైగా తయారు కాజొచ్చినవి. అట్టి యాపద మరల వచ్చినచో మనయింట చేయదగిన దేమి, చేయరాని దేమి యను విషయమును గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిమి.

ముఖమునకు గుడ్డ కట్టుకొనుట క్రొత్త సంగతి గాదు. 1910-11 సంవత్సరములలో మంచూరియా దేశమున ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినపుడు, పెనాంగు పట్టణమున జన్మించిన వూ లియన్-టే యను వైద్యుడు పలుచని గుడ్డ పొరల నడుమ దూది నుంచి ముఖకవచమును చేయించెను. దానిని ధరింపక రోగులను పరీక్షించిన మెస్నీ యను ఫ్రెంచి వైద్యుడు కొలది దినములలో ఆ వ్యాధిచేతనే మరణించెను. ఒక చిన్న గుడ్డముక్క విలువ యెట్టిదో దీనివలన తెలియుచున్నది.

ఐతే మాస్కు లన్నియు నొకటి గావు. ఇంటిలో కుట్టుకొను గుడ్డమాస్కు, శస్త్రవైద్యులు ధరించు మాస్కు, ఎన్-95 అనునది, ఈ మూడును వేరువేరు పనులకు తగినవి. ఎన్-95లో ముఖ్యమైన పొర నేసిన గుడ్డ గాదు. పాలిప్రొపిలీను అను ప్లాస్టిక్కును కరగించి, వేడిగాలితో ఊది, మిక్కిలి సన్నని పోగులుగా చేసి, వానికి విద్యుచ్ఛక్తి నెక్కింతురు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను తనవైపు లాగుకొనునట్లు, ఆ పోగులు గాలిలోని సూక్ష్మకణములను పట్టుకొనును. అందువలననే దానిని సబ్బుతో ఉతుకరాదు. ఉతికినచో ఆ శక్తి నశించును. ఎంత నేర్పుగల యిల్లాలైనను దీనిని కుట్టుమిషనుపై తయారు చేయజాలదు. ఇది కర్మాగారమునకు విడువవలసిన పని.

మరి యింటి పని యేది? సామాన్యజనులకు కావలసిన గుడ్డమాస్కులు. ఇండ్లలోను పేటలలోను వీనిని కుట్టుకొన్నచో, కొరతగా నున్న ఆస్పత్రి మాస్కులు ఆస్పత్రులకే మిగులును. ఇదియే వీనివలని గొప్ప లాభము. 2020 ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనిషికి మూడేసి చొప్పున పదునారు కోట్ల మాస్కులను పంచ నిశ్చయించి, ఆ కుట్టుపనిని పొదుపు సంఘముల స్త్రీల కప్పగించెను. కూలి దొరకని ఆ దినములలో ఎన్నియో కుటుంబముల కది జీవనాధార మైనది.

గుడ్డమాస్కునకు మూడు పొరలు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో తెల్పెను. లోపలి పొర చెమ్మను పీల్చు నూలుగుడ్డగా నుండవలెను. నడిమి పొర నేయక ఒత్తి చేసిన పాలిప్రొపిలీను గుడ్డ. వెలుపలి పొర తడి నంటనీయని పాలియెస్టరు కలిసిన గుడ్డ. నూలుగుడ్డను ముందుగా ఉతికి ఆరవేసిన పిమ్మటనే కత్తిరింపవలెను. లేనిచో కుట్టిన తరువాత కుంగిపోవును. వెలుతురునకు ఎత్తి చూచినపుడు కిటికీవలె కనబడు గుడ్డ పనికిరాదు. మాస్కు ముక్కుపై నుండి గడ్డము క్రిందివరకు వచ్చి, చెక్కిళ్ల ప్రక్కల సందు లేకుండ అమరవలెను. ప్రతిదినమును సబ్బుతో ఉతుకవలెను. రెండేండ్ల లోపు పసిబిడ్డలకు మాత్ర మెన్నడును కట్టరాదు.

ఇక నిలువెత్తు తొడుగుల మాట. ఇచ్చట మంచి మన సొక్కటే చాలదు. సూది దిగిన ప్రతిచోటను ఒక రంధ్ర మేర్పడును. రోగి నెత్తురు ఆ దారిని లోనికి చొరబడవచ్చును. అందుచేత కుట్లపై ప్రత్యేకమైన పట్టీని వేడితో అంటించి మూయుదురు. ఆ పట్టీ కరవైనపుడు, జలాంతర్గాముల కుపయోగించు అంటుపదార్థమును ఆధారముగా గొని రక్షణ పరిశోధన సంస్థవా రొక మార్గము కనిపెట్టిరి. కోయంబత్తూరులోని దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంస్థలో, కృత్రిమమైన నెత్తురును ఒత్తిడితో గుడ్డపై ప్రయోగించి, అది లోనికి దిగునో లేదో పరీక్షించిరి. రెడీమేడ్ దుస్తులు కుట్టు కర్మాగారములు గూడ ఇట్టి పరీక్షలలో నెగ్గిన పిమ్మటనే తొడుగులను పంపవలసి వచ్చెను. పరీక్షింపని తొడుగు లేని తొడుగుకంటె హానికరము. ఏలయన, లేనివాడు దూరముగా నుండును. ఉన్నదని నమ్మినవాడు నిర్భయముగా రోగిని సమీపించును.

ఇంటికిని కర్మాగారమునకును నడుమ నిలుచు పనియు నొకటి కలదు. అది ముఖమునకు ముందు నిలుపు పారదర్శకమైన ప్లాస్టిక్కు రేకు. 2020 మార్చిలో చెక్ దేశపు ప్రూసా సంస్థ దాని పట్టీ నమూనాను ఎల్లరకు నుచితముగా నిచ్చెను. చిన్న యంత్రములు గల ఉత్సాహవంతులు పలు దేశములలో వానిని చేసి ఆస్పత్రుల కందించిరి. ఐనను రేకు కన్నులకు కాపుదలయే గాని మాస్కునకు బదులు గాదు.

కావున పని కుపక్రమించు సంఘములవారికి మేము మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది, కుట్టుటకు ముందు ఆస్పత్రివారి నడుగుడు. వారికి అక్కరలేనివి వేయి పంపుటకంటె, కావలసినవి నూరు పంపుట మేలు. రెండవది, అందరు నొకే నమూనాను, ఒకే కొలతను అనుసరింపుడు. కుట్టినవాని నింకొకరు పరీక్షింపవలెను. మూడవది, సేవ యను పేరిట పేదరాలి శ్రమను ఉచితముగా గైకొనకుడు. కలిగినవారు దానముగా కుట్టవచ్చును; రెక్కాడినగాని డొక్కాడని స్త్రీకి కూలి ముట్టవలసినదే.

2023 మే 5వ తేదీన ఆ వ్యాధిని గూర్చిన అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. ఇపుడు తీరికయున్నది. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట యేల? మంచి నమూనా నొకదానిని కత్తిరించి కుట్టుపెట్టెలో భద్రపరచుట, కుట్టుపని నేర్చిన పడుచులను గ్రామమున గుర్తించి యుంచుట, దగ్గరి ఆస్పత్రివారితో పరిచయము కలిగియుండుట నేడే చేయదగిన పనులు.